నక్క బొమ్మ అడిగే మాట

మా చిన్నన్న దినాలు జరిగిన మర్నాడు పొద్దున, నేను హిందూపురం బస్సుకు బట్టలు సర్దుకుంటుంటే పెద్దన్న వచ్చి తన ఫోను నా పక్కన పెట్టాడు. ఆయన ఫోను ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదు. మనవరాలు అడిగినా "దీంట్లో ఆటలు ల్యా" అని జేబులో దోపుకుంటాడు. అటువంటిది తానే తెచ్చి పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని, భుజం మీది టువాలుతో మొహం తుడుచుకున్నాడు.

"సరోజా, ఆ నక్క ఉండె కదా, నాగరాజుది. అది నా ఫోన్లో ఏసియ్యి" అన్నాడు చివరికి.

నాకు ఆయన మొహంలోకి చూడాలంటే కష్టమైంది. నక్క అంటే మా ఇంట్లో గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయే నక్క కాదు. ఇంటర్నెట్ చూడటానికి కంప్యూటర్లో బ్రౌజర్ అని ఒకటి ఉంటుంది కదా, వాటిలో ఒక రకం. భూమి బంతిని చుట్టుకుని పడుకున్న నక్క బొమ్మ దాని గుర్తు. ఇంకొకటి నీలం రంగు ఇంగ్లీషు 'ఈ' అక్షరం గుర్తుగా ఉండేది. ఒకప్పుడు మా ఇంట్లో నీలం ఈ పెద్దన్నది, నక్క చిన్నన్నది. ఆ రెండు బొమ్మల కోసం మా అన్నదమ్ములు అంగడి పంచుకున్నారు. బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. మా ఆయన పెళ్లయిన కొత్తలో ఈ సంగతి విని, "పొలం కోసం కొట్టుకున్నారంటే అర్థముంది, దీనికోసమా" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ ఆయనతో పాటు నవ్వాను గానీ, లోపల ఎక్కడో చిన్నబుచ్చుకున్నాను.

"ఈడ సిగ్నల్ రాదు పెద్దన్నా. సాయంత్రం మిద్దె ఎక్కి ఏసిస్తాలే" అన్నాను. బట్టలు మళ్లీ సంచిలోంచి తీసి దండెం మీద వేశాను. బస్సు రేపూ ఉంటుంది.

మా ఊరు క్యాతగానచెర్లు, పావగడ దగ్గర, కన్నడ రాష్ట్రంలోని తెలుగు పల్లె. ఇప్పుడు ఇల్లు దాటి నాలుగడుగులు వేస్తే కంచె, కంచె అవతల సోలార్ పలకలు, కొండ అంచు దాకా అవే. మా నాయన గొర్రెలు తోలిన బీళ్లన్నీ వాటి కిందనే ఉన్నాయి. ఏ గుట్ట పక్కన ఏ గడ్డి మొలిచేదో, ఎక్కడ నీళ్లు నిలిచేవో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలిసేది. ఇప్పుడు కళ్లు తెరుచుకుని చూసినా నాకు ఏ గుట్ట ఎక్కడుందో తెలియదు. కౌలు వస్తోంది, ఇళ్లకు సున్నాలు పడ్డాయి, ఎవరూ వలస పోవడం లేదు, కాదనను. కానీ ఆ పలకల మీద ఎండ పడి తిరిగి కళ్లలో కొడుతుంటే ఊరిలోకి వచ్చిన ప్రతిసారీ తలనొప్పి పట్టుకుంటుంది. ఇంటికి వచ్చానన్న భావన రావడానికి ఒక పూట పడుతుంది.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. కొడుకులిద్దరూ మంద వెంట పోరని తేలిపోయినాక, మా నాయన మందను అమ్మేశాడు. పెద్దన్న ఈరన్న బి.ఏ. చదివి పావగడలో టైపింగు నేర్పించే చోట పని చేస్తుండేవాడు. చిన్నన్న నాగరాజు తుమకూరులో కంప్యూటరు కోర్సు చేసి వచ్చాడు. ఇద్దరూ కలిసి పావగడ బస్టాండు దగ్గర ఒక అంగడి బాడుగకు తీసుకుని, ముందు గదిలో ఎనిమిది కంప్యూటర్లు పెట్టారు. వెనక రెండు గదుల్లో మేమంతా ఉండేవాళ్లం. నేను అప్పుడే పి.యు.సి., అదే ఇంటరు, ముగించి ఇంట్లో ఉన్నాను. వచ్చినవాళ్లకు సీటు చూపించడం, ప్రింట్లు తీసివ్వడం నా పని. నన్ను డిగ్రీకి పంపాలని అందరూ అనేవాళ్లు, ఎవరూ పంపలేదు. ఆ అంగడే నాకు కాలేజీ అయింది.

ఆ ముందు గది వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. పొద్దున్నే పెద్దొదిన కసువు ఊడ్చి నీళ్లు చల్లేది. కంప్యూటర్లు వేడెక్కకుండా కిటికీకి తడి గోనెసంచి కట్టేవాళ్లం, దాని జనపనార వాసన. దేవుడి పటం ముందు పెద్దన్న ముట్టించిన ఊదుబత్తి. వెనక వంటింట్లో అమ్మ శెనక్కాయలు వేయించి, మిరపకాయలు వేసి రోట్లో ఊరిబిండి నూరుతుంటే ఆ ఘాటు గోడ దాటి ముందు గదిలోకి వచ్చేది. ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవడానికి వచ్చిన కుర్రవాళ్లు మౌసు పట్టుకునే తుమ్మేవాళ్లు. "మీ అంగట్లో ఇంటర్నెట్ కన్నా ఊరిబిండి స్పీడు ఎక్కువ" అని ఒక పోస్టుమాస్టరు అంటే, అమ్మ ఆయనకు అప్పటినుంచీ ఒక ముద్ద విస్తరాకులో కట్టి ఇచ్చేది.

నాయనకు చదువు రాదు. మంద అమ్మినా పొద్దున్నే లేచి దొడ్డి చూసుకునే అలవాటు పోలేదు. ముందు గదిలోకి వచ్చి, కంప్యూటర్లను వరసగా చూసుకుంటూ, ఒక్కోదాని మీద చెయ్యి వేసి పోయేవాడు. వాటికి పేర్లు కూడా పెట్టాడు. తెల్లటి మూతి ఉన్నది బొల్లిది, నల్లది కర్రిది, వీపున మచ్చ పడ్డది చుక్కది. ఏదైనా మొరాయించి రిపేరుకు పోతే, "కర్రిది ఇంగా ఇంటికి రాలేదే" అనేవాడు. మేము వెనకనుంచి నవ్వేవాళ్లం. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ అంగట్లో ఎనిమిదింటినీ ఒక్క కంటితో చూసిన మనిషి ఆయనొక్కడే.

ఎందుకంటే అన్నలు చూసినట్టు ఆయన చూసేవాడు కాదు. పెద్దన్న దృష్టిలో కంప్యూటరు అంటే నీలం ఈ. కొన్నప్పుడు దాంతోనే వచ్చింది, దాంతోనే అందరికీ నేర్పించాడు. "పల్లె నుంచి వచ్చినోడు యాడ నొక్కాలో అంత కష్టపడి నేర్చుకున్నాడు. మళ్లా కొత్తది చూపిస్తే వానికి దారి తప్పుతాది" అనేవాడు. గవర్నమెంటు పేజీలు కొన్ని, ఈ బ్రౌజర్లోనే చూడండి అని రాసుకుని ఉండేవి కూడా. చిన్నన్న తుమకూరు స్నేహితుల దగ్గర నుంచి సీడీలో నక్కను తెచ్చాడు. దాంట్లో ఒకే కిటికీలో పేజీలన్నీ పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఊరికే ఎగిరొచ్చే అడ్వర్టైజుమెంట్లు రావు. "నువ్వు కిటికీ మీద కిటికీ తెరిచి, దేని కింద ఏముందో తెలీక ఎతుక్కుంటాండావు. దీంట్లో చూడుప్పా, అన్నీ కంటికి ఎదురుగా ఉండాయి" అని పెద్దన్నకు చూపించేవాడు. పెద్దన్న కళ్లజోడు సర్దుకుని చూసి, "నాకేం ఎతుకులాట లేదు" అనేవాడు.

మాటలతో పోయుంటే బాగుండేది. కానీ ఆ బ్రౌజర్లకు ఒక గుణముంది. ఒక కంప్యూటర్లో రెండూ ఉంటే, తెరిచినప్పుడల్లా ఒక చిన్న పెట్టె పైకి వస్తుంది. నన్ను మీరు ఎప్పటికీ వాడే బ్రౌజరుగా పెట్టుకోలేదు, పెట్టుకుంటారా అని అడుగుతుంది. అవును అంటే ఆ కంప్యూటరు దాని చేతికి పోతుంది. తర్వాత రెండోది తెరిస్తే అదీ అదే అడుగుతుంది. పొద్దున అంగడి తెరిచే వంతు పెద్దన్నది. వరసగా అన్నింట్లో నీలం ఈ తెరిచి, పెట్టె రాగానే అవును నొక్కి, స్నానానికి పోయేవాడు. ఆయన తల మీద నీళ్లు పోసుకునే చప్పుడు వినిపించగానే చిన్నన్న అన్నింట్లో నక్కను తెరిచి అవును నొక్కేవాడు. మధ్యాహ్నం ఆయన ముద్ద తినడానికి లేస్తే ఈయన, ఈయన లేస్తే ఆయన. వచ్చినవాళ్లకు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తెరుచుకునేది. ఒక ముసలాయన నన్ను పక్కకు పిలిచి, "మే, ఈ కంప్యూటరుకు గాలి గీలి సోకిందా" అని అడిగాడు.

నాయన ఒకరోజు ఆ పెట్టెను చూసి ఇదేమంటుందని నన్ను అడిగాడు. ఎట్లా చెప్పాలో తెలియక, "ఈ గొర్రె ఎవరిది అని అడుగుతాండాది నాయనా" అన్నాను. "అడిగే పనేముండాది? చెవి చూస్తే తెలీదా" అన్నాడు. మా మందలో గొర్రెలకు కుడి చెవి కొసన చిన్న గంటు ఉండేది, అది మా ఇంటి గుర్తు. ఒక గొర్రెకు రెండు ఇళ్ల గంట్లు ఉండడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

నన్ను తమ వైపు తిప్పుకోవాలని ఇద్దరికీ ఉండేది. మా చదువంతా కన్నడలో. తెలుగు అక్షరాలు నేను అనంతపురం బస్సుల బోర్డులు, గోడ క్యాలెండర్లు చూసి నేర్చుకున్నాను. ఖాళీ దొరికితే ఇంటర్నెట్లో తెలుగు పేపరు తెరుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేదాన్ని. నీలం ఈలో తెలుగు బాగా కనపడేది. నక్కలో అదే పేపరు తెరిస్తే పురుగులు పాకినట్టు ఏవేవో గుర్తులు వచ్చేవి. "చూసినావా, మన బాస కూడా దానికి రాదు" అని పెద్దన్న మీసం దువ్వుకున్నాడు. చిన్నన్నకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చాలా రోజులు కూర్చుని, ఎవరెవరికో ఈమెయిళ్లు రాసి, నక్కకు తగిలించే ఏదో చిన్న తోక సంపాదించాడు. ఒక సాయంత్రం కర్రిదాని ముందు నన్ను కూర్చోబెట్టి పేపరు తెరిచాడు. అక్షరాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. "చదువు పాపా" అన్నాడు. చదివాను. ఆయన తెర వైపు కాదు, నా మొహం వైపే చూస్తున్నాడు. నేను ఇప్పుడు తెలుగులో నాలుగు కథలు రాసి అచ్చులో చూసుకున్నానంటే, ఆ రెండు బొమ్మల పోటీలో దొరికిన చదువే. ఏది మంచిదో నువ్వే చెప్పు అని ఇద్దరూ అడిగేవాళ్లు. అడిగినప్పుడల్లా నేను కరెంటు ఆఫీసుకు ఫోను చేసే నెపంతో లేచి అవతలికి పోయేదాన్ని. పావగడలో అప్పుడు పొద్దస్తమానం కరెంటు కోతలే, ఆ నెపం ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉండేది. ఇప్పుడు మా బీళ్ల మీద పుట్టిన కరెంటు ఎక్కడెక్కడికో పోతోందట.

ఒకరోజు పి.యు.సి. ఫలితాలు వచ్చాయి. అంగడి నిండా పిల్లలు, మెట్ల మీద వాళ్ల తల్లిదండ్రులు. అరసికెరె నుంచి ఒకాయన తన బిడ్డను తీసుకుని వచ్చాడు. శెనక్కాయ చేలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, గోళ్లలో ఎర్రమట్టి. వాళ్ల వంతు వచ్చేసరికి పెద్దన్న నీలం ఈలో పేజీ తెరిచి కూర్చున్నాడు. ఆ పొద్దు రాష్ట్రమంతా అదే పేజీ మీద ఉంది కాబట్టి అది కదల్లేదు. మళ్లీ తెరిచాడు. మళ్లీ తెరిచాడు. కిటికీలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వెనక నిలబడ్డ చిన్నన్న, "నువ్వు లెయ్యిప్పా, నేను చూస్తా" అని అన్న చేతి మీద చెయ్యి వేసి మౌసు లాక్కున్నాడు. అందరి ముందర. నక్క తెరిచాడు. పేజీ వచ్చింది. నంబరు కొట్టి కింద బటను నొక్కితే మాత్రం పలకలేదు. "చెప్తే ఇన్నావా" అని పెద్దన్న మౌసు మళ్లీ లాక్కున్నాడు. "నీదాంట్లో పేజీనే రాలేదు కదా." "నీదాంట్లో వచ్చి ఏం చేసింది?" ఇద్దరూ ఆ పాప నంబరును మరిచిపోయారు. అంతలో కరెంటు పోయింది.

ఆ బిడ్డ కాసేపు చీకటి తెర వైపే చూసింది. వాళ్ల నాయన, "బస్సు పోతాది రామ్మా, రేపు యాడన్నా చూద్దాం" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు, అదే మా నాయనకు తగిలింది. ఆయన మెట్ల మీద కూర్చుని వాళ్లు బస్టాండు మలుపు తిరిగేదాకా చూశాడు. లోపలికి వచ్చి, "మన గడపకు వచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపినారు. ఇంగ మీకు పొత్తు వద్దు. పంచుకోండి" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏదో అనబోయింది. ఆయన చెయ్యి ఎత్తాడు. అమ్మ అక్కడే ఆగిపోయింది.

మందలు పంచుకోవడానికి మాలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు పెట్టాలి, చిన్నవాడు ముందు ఎత్తుకోవాలి. పెద్దవాడు తప్పు పెడితే మంచిది చిన్నవాడికి పోతుంది కాబట్టి ఎవరూ తప్పు పెట్టరు. చిన్నవాడు ఒక భాగం మీద చెయ్యి వేస్తే అయిపోయినట్టే. చెయ్యి వేసినాక ఇంకొకటి కావాలని అడిగేది లేదు, పోనీలే తీసుకో అని ఇచ్చేది లేదు. అడిగితే అన్న తప్పుగా పంచినాడని అర్థం, ఇస్తే తానే తప్పు పెట్టినానని ఒప్పుకున్నట్టు. రెండూ పెద్దలకు అవమానమే. నాయన కంప్యూటర్లను కూడా అట్లాగే పంచమన్నాడు.

కానీ గొర్రెలకూ కంప్యూటర్లకూ ఒక తేడా ఉంది. ఏ గొర్రె అయినా తన నోటితో తాను మేస్తుంది. మా కంప్యూటర్లు అట్లా కాదు. టెలిఫోను వైరు ఒక్కటే, అది బొల్లిదానికి తగిలించి ఉండేది. మిగతా ఏడూ దాని నుంచే తీసుకోవాలి. బొల్లిది ఎవరికి పోతే ఇంటర్నెట్ వాళ్లకు పోతుంది, మిగతావి ఉత్త డబ్బాలు. నాయనకు ఇది తెలియదు, ఆయన ఎనిమిది తలలు చూశాడు, నాలుగు నాలుగు అన్నాడు. అన్నలిద్దరికీ తెలుసు. నాకూ తెలుసు. నాయన పద్ధతిగా టువాలు తలకు చుట్టుకుని నిలబడ్డాక, మధ్యలో వైరు మాట ఎత్తే ధైర్యం ఎవరికీ రాలేదు.

పెద్దన్న భాగాలు పెట్టాడు. బొల్లిదాని పక్కన చుక్కదాన్ని పెట్టడం చూసి నేను ఆశ్చర్యపోయాను. చుక్కది చిన్నన్న తన చేత్తో విప్పి, బిగించి, బాగుచేసుకున్న కంప్యూటరు. ఆయనకు అదంటే ప్రాణం. వైరూ, చుక్కదీ ఒకే వైపు. రెండో వైపు కర్రిదీ, ఇంకో మూడూ. చిన్నన్న రెండు వరసల మధ్య నిలబడ్డాడు. తల ఎత్తి వంటింటి వాకిట్లోకి చూశాడు. అక్కడ పెద్దొదిన చంకలో బిడ్డతో, అమ్మ పక్కన నిలబడి ఉంది. ఆయనకు అప్పటికి పెళ్లి కాలేదు. రెండడుగులు వేసి వైరు లేని వరసలో కర్రిదాని మీద చెయ్యి వేశాడు. నాయన "సరే" అన్నాడు. పెద్దన్న మొహం నల్లబడిపోయింది. నేను పెట్టిన వైరు కూడా వీనికి వద్దాయె అని ఆయన అనుకున్నట్టు నాకు తర్వాత వదిన చెప్పింది.

మర్నాడు నాయన అలవాటుగా చెయ్యి వేసుకుంటూ వచ్చి, చిన్నన్న వైపు ఒక్కటీ ఎందుకు వెలగలేదని అడిగాడు. చిన్నన్న మెల్లగా చెప్పాడు. నాయన ఆ వైరును గోడ దాకా, గోడ నుంచి కిటికీ దాకా, బయట కంబం దాకా చూపుతో వెతుక్కుంటూ పోయాడు. ఎవరినీ ఏమీ అనలేదు. తాను చెప్పి చేయించిన పంపకం కాబట్టి తాను కూడా మాట్లాడకూడదు. ఆ తర్వాత ఆయన ముందు గదిలోకి రావడం మానేశాడు. చిన్నన్న నాలుగు కంప్యూటర్లనూ ఎద్దుల బండిలో గడ్డి పరిచి ఊరికి తోలుకుపోయి, పిల్లలకు టైపింగు, బొమ్మలు వేయడం నేర్పించుకున్నాడు. వాటిలో నక్క ఉండేది. ఊర్లో ఇంటర్నెట్ వైరు లేదు కాబట్టి అది పోయి చూడటానికి చోటు ఉండేది కాదు.

అన్నదమ్ములు మాటలు మానుకోలేదు. అది ఇంకా కష్టం. పండగకు భోజనాలకు పిలుచుకునేవాళ్లు, జ్వరమొస్తే మందులు తెచ్చుకునేవాళ్లు. చిన్నన్న టౌనుకు పనిమీద వచ్చినప్పుడల్లా అంగడికి వచ్చి, వదిన ఇచ్చిన మజ్జిగ తాగి, ఏదో ఒక కంప్యూటరు ముందు కూర్చునేవాడు. పెద్దన్న తీసేసిన నక్కను ఇంటర్నెట్ నుంచి మళ్లీ దింపేవాడు. అది తెరుచుకుని, తన పెట్టె చూపించి అడిగేది. ఆయన ఏదీ నొక్కేవాడు కాదు. ఆ పెట్టెను అట్లాగే తెర మీద వదిలేసి, "పోయొస్తా ఈరన్నా" అని లేచేవాడు. పెద్దన్న ఊ అనేవాడు. మా నాయన పోయినాక కూడా, అమ్మ పోయినాక కూడా ఇదే తంతు. నేను కాపురానికి హిందూపురం పోయి, సెలవులకు వచ్చినప్పుడు కూడా ఒకటి రెండుసార్లు చూశాను. చిన్నన్నకు పాత పంతం పోలేదనుకున్నాను.

తర్వాత రంగురంగుల గుండ్రం బొమ్మతో మూడోది వచ్చింది. అది నీలం ఈనీ నెట్టేసింది, నక్కనూ పక్కకు తోసింది. ఫోన్లు వచ్చినాక అవి ఏదో ఒకటి లోపల పెట్టుకునే వస్తున్నాయి, ఎవరూ ఏదీ ఎంచుకునే పని లేదు. సోలార్ పార్కు వచ్చి మా భూములు కౌలుకు పోయాక, చిన్నన్నకు అక్కడి ఆఫీసులో ఏ పలకల నుంచి ఎంత కరెంటు వచ్చిందో తెర మీద చూసి రాసే పని దొరికింది. "ఇప్పుడన్నా నీ నక్క ఏసుకున్నావా" అని ఆటపట్టించాను. "ఆడ మనకు నచ్చింది ఏసుకునేది ల్యా పాపా. ఏది ఉంటే దాంట్లోనే చూడాల" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు నాయన గొంతులా ఉంది. కొన్నాళ్లకు గుండె నొప్పితో ఆసుపత్రిలో చేరాడు. నేను చూడటానికి పోయే లోపలే కబురు వచ్చింది.

నాకు ఈ మధ్య దేనిమీదా పంతం రావడం లేదు. మా ఇంట్లో మా ఆయన ఒక పేపరు, నేను ఒక పేపరు, పిల్లలు ఏదీ చదవరు, ఎవరూ ఎవరితో వాదించరు. పోట్లాడుకోవడం మంచిదని చెప్పే వయసు కాదు నాది, ఆ పోట్లాట ఏమి చేసిందో కళ్లారా చూశాను. అయినా అన్న స్నానానికి పోగానే తమ్ముడు పరుగున వచ్చి ఎనిమిది తెరలూ మార్చిన ఆ పొద్దుల కోసం నాకు బెంగగా ఉంటుంది. అప్పట్లో వాళ్లకు ఒకరి పని ఒకరికి పట్టేది.

సాయంత్రం ఎండ తగ్గినాక పెద్దన్నా నేనూ మిద్దె ఎక్కాం. కింద చిన్నొదిన చుట్టాలకు కాఫీ కలుపుతోంది. పలకలన్నీ పడమటికి వాలి ఉన్నాయి. పెద్దన్న అటువైపు చూడకుండా నీళ్ల ట్యాంకుకు ఆనుకుని కూర్చున్నాడు. నేను నక్కను దింపడం మొదలుపెట్టాను. మెల్లగా వస్తోంది.

"చుక్కదాన్ని, వైరును వాని కోసమే ఒక పక్క పెట్టినా" అన్నాడు ఉన్నట్టుండి. "వాడు దాని మీద చెయ్యి ఏస్తాడనే పెట్టినా. నా బతుకు టైపింగుతో ఎట్లో జరిగిపోతాదనుకుంటి."

"చిన్నన్న వదినను, బిడ్డను చూసి ఇడిసిపెట్టినాడు పెద్దన్నా. నేను ఆడనే ఉంటిని."

"తెలుసు" అన్నాడు. "ఆ పొద్దు తెలీలేదు. తర్వాత తెలిసింది. తెలిసినాక ఏం చెప్పాల? చెయ్యి ఏసినాక ఇచ్చేది ల్యా, అడిగేది ల్యా."

నక్క దిగింది. ఫోను ఆయన చేతికిచ్చాను. బొమ్మ మీద ఆయనే నొక్కాడు. తెరుచుకుంది. తెరుచుకోగానే పెట్టె పైకి వచ్చింది. ఆయన ఫోను కన్నడలో ఉంటుంది. కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదిలిస్తూ చదివాడు.

"ఏమంటాండాది?" అన్నాడు, చదివి కూడా.

"దీన్నే ఎప్పటికీ పెట్టుకుంటావా అని అడుగుతాండాది."

"వద్దంటే?"

"మళ్లా అడుగుతాది."

"ఊ అంటే?"

"ఊ అంటే ఇంగ అడగదు."

ఆయన బొటనవేలు ఫోను మీద పైకి ఎత్తి పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. కళ్లజోడు కింద నుంచి నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. "మళ్లా కలిసుందామా అని వాడు నోరు తెరిచి అడగకూడదు కదా. వచ్చినప్పుడల్లా ఈ నక్కతో అడిగించి పోతాండె. మజ్జిగ తాగి, దీన్ని నా ముందర పెట్టి పోతాండె. వాడు బస్సు ఎక్కేదాకా ఉండి, నేను వద్దని నొక్కి తీసేస్తాంటి. ఇన్నేండ్లు. ఒక్కసారి ఊ అని నొక్కినా వాడు మళ్లా వచ్చినప్పుడు చూసుకుంటాండె" అన్నాడు.

ఆయన అవును అన్నచోట నొక్కాడు. పెట్టె పోయింది. కింద తెల్లటి పేజీ మిగిలింది.

"ఇంగ అడగదా?"

"అడగదు పెద్దన్నా."

ఆయన దాన్ని మూసేశాడు. కాసేపటికి మళ్లీ తెరిచి చూశాడు. అడగలేదు. మూసి, మళ్లీ తెరిచాడు.